గడ్డం కింద చెయ్యి

మార్చి 3

చెల్లీ,

నీకూ నీ గుమ్మానికీ సమాధానం కలుగుగాక. ఇవాళ ఆ మాట రాయడానికి నా చెయ్యి మొరాయిస్తోంది. అయినా రాశాను, ఎందుకంటే కోపంలో కూడా దీవించమని నేనే అందరికీ చెబుతాను.

నీ కవరు లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గరే చింపాను. పదహారేళ్ళుగా ఈ ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడత పెడుతున్నాను. నెత్తురు, చీము, వాంతి, అన్నీ ఈ చేతుల మీదుగానే పోతాయి. ఒక్కనాడు ముక్కు మూసుకోలేదు. నీ కాగితాలు విప్పి చూడగానే మాత్రం రోత పుట్టింది.

నేను నిన్ను అడిగిందేమిటి? మా చిన్న ప్రార్థన హాలును పెద్ద హాలులో కలుపుతున్నారు. అక్కడ బోధించాలంటే ముగ్గురు పెద్దల ముందు ఇంగ్లీషులో ఒక ప్రసంగం చదివి వినిపించాలట, ఏప్రిల్ 13న. చదవగలిగితే వేదిక నాది. లేకపోతే ఇరవై ఏళ్ళు నిలబడి మాట్లాడినవాడు ఇకమీదట బెంచీ మీద కూర్చుని వినాలి. అందుకని నేనే కూడబలుక్కుని రాసుకున్న ప్రసంగం నీకు పంపి, పలకడం ఎలాగో చూపించమన్నాను. నువ్వు అక్కడ పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చదవడం నేర్పిస్తున్నావు కాబట్టి అడిగాను, గొప్ప కోసం కాదు.

నువ్వేం చేశావు? మాట మాటకీ ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టావు. ‘వైల్డర్‌నెస్’ కొట్టేశావు. అరణ్యం లేకుండా నలభై ఏళ్ళ ప్రయాణం గురించి ఎలా చెప్పను? ‘సిన్నర్’ కొట్టేశావు. పాపి లేకపోతే నా ప్రసంగంలో ఇంకేం మిగులుతుంది, నమస్కారమా? చివరికి పరిశుద్ధత కూడా నీకు పనికిరాలేదు. నీ మాట కాదనలేక, కొట్టేసిన వాటిని వదిలి మళ్ళీ రాసి చూశాను. నాలుగు పేజీలు అరపేజీకి వచ్చాయి. అందులో ‘అండ్’లే ఎక్కువ.

జతపరచబడిన దాన్ని విడదీసేవాళ్ళ గురించి గ్రంథం ఏమంటుందో నీకు తెలుసు. ఇది హేయం.

ఇంకొకటి. ఫోన్ చేస్తే ఎత్తుతావు, పలకవు. ఊపిరి మాత్రం వినిపిస్తుంది. అదేం గర్వమో. రెండు క్షణాలు చూసి పెట్టేశాను.

అసహ్యంతోనూ ప్రేమతోనూ, ఈ వరసలోనే,
నీ అన్న

*

మార్చి 9

అన్నయ్యకు,

వదినకు నా నమస్కారాలు చెప్పు. ఆవిడ పంపిన ఫోటో అందింది. హాలు మెట్ల దగ్గర బోర్డు కింద మీరిద్దరూ నిలబడి ఉన్నది. నువ్వు చిక్కావు.

నేను ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. కొట్టెయ్యాలంటే గీత అడ్డంగా పడుతుంది. ఇవి నిలువు గీతలు. ఒక మాటను ఎక్కడెక్కడ విడగొట్టి పలకాలో చూపించే గీతలు. కాగితం పక్కకు తిప్పి చూశావేమో, లేకపోతే చూడకుండానే కోప్పడ్డావేమో. రెండోదే అయి ఉంటుంది.

చెబుతాను, విను. నా తరగతి ఒక పళ్ళ డాక్టరు గది పైన ఉంది. కింద ఆయన మిషన్ గుయ్యిమంటూ ఉంటే పైన మేము మాటలు విడగొడుతుంటాం. మొదటి రోజు అందరికీ ఒకటే చెబుతాను: గడ్డం కింద అరచెయ్యి ఆనించుకుని మాట పలుకు. గడ్డం ఎన్నిసార్లు చేతిని నొక్కితే అన్ని ముక్కలు. ‘వైల్డ్’ అను, ఒక్కసారే దిగుతుంది. నీ అరణ్యాన్ని అను, మూడుసార్లు దిగుతుంది: విల్ / డర్ / నెస్.

అవును, విల్. వై కాదు. ‘వైల్డ్’ ఒంటరిగా ఉన్నప్పుడు అది వైల్డే. ఈ మాటలో ఆ ‘డి’ పక్క ముక్కలోకి వెళ్ళిపోతుంది. మొదటి ముక్కకు ‘ఎల్’ తలుపేస్తుంది. తలుపేసిన ముక్కలో అచ్చు పొట్టిగా పలుకుతుంది. తలుపు తెరిచి ఉంటే సాగుతుంది. మధ్యలో ఒకే అక్షరం జంటగా వస్తే ఆ జంటను చీల్చి చెరో పక్కకూ ఒకటి ఇవ్వాలి: సిన్ / నర్. నీ పాపి క్షేమంగానే ఉన్నాడు.

‘ల్యాంబు’ అని రాసుకున్నావు పక్కన. చివరి ‘బి’ పలకదు. ల్యామ్, అంతే.

నీ ఇరవై ఏళ్ళ అరణ్యాన్ని సరిదిద్దినందుకు తిట్టకు.

చెల్లెలు

*

మార్చి 15

చెల్లీ,

నిలువు గీతలని ఒప్పుకుంటున్నాను. కాగితం పక్కకు తిప్పి పట్టుకున్న మాటా నిజమే. బల్ల మీద దుప్పట్లున్నాయి, చోటు లేదు. అంతమాత్రాన రోత తగ్గలేదు, చోటు మారింది.

మన భాష చూడు. క్షరం కానిది అక్షరం. అంటే నాశనం లేనిది. ‘క’ అంటే క. దాన్ని ఏ కత్తీ కొయ్యలేదు. రాసింది పలుకుతాం, పలికింది రాస్తాం, దాపరికం లేదు. వీళ్ళ మాటలో అక్షరం కూర్చుంటుంది గానీ నోరు విప్పదు. గొర్రెపిల్ల చివర ఆ ‘బి’ ఎందుకు? పలకనిదాన్ని నేనెందుకు మొయ్యాలి? శవాన్ని పెళ్ళిబండిలో కూర్చోబెట్టినట్టుంది. ఇదొక భాషా?

అయినా చేస్తున్నాను. నది రేవు దగ్గర ఒకే ఒక్క మాట పలకలేక నలభై రెండు వేల మంది నరకబడిన సంగతి గ్రంథంలో ఉంది. ‘ష’ అనాల్సిన చోట ‘స’ అన్నారు, పోయారు. అది చదివినప్పుడల్లా నేను నరికేవాళ్ళ పక్షాన నిలబడి బోధించేవాణ్ణి. ఇప్పుడు రేవులో నేను నిలబడ్డాను.

బాయిలరు పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని సాధన చేస్తుంటే ఆవిరి మిషన్ ఆయన వచ్చి, “పన్ను ఏ పక్క?” అన్నాడు. పన్ను కాదు, అరణ్యం అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి వెళ్ళి, కాగితంలో నాలుగు లవంగాలు కట్టి తెచ్చిచ్చాడు. తీసుకున్నాను. ప్రేమతో ఇచ్చినదాన్ని తోసెయ్యకూడదు. ఇంట్లో మీ వదిన మూడు రోజులుగా నాకు జావ పోస్తోంది. నొప్పి లేదంటే నమ్మదు.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. మళ్ళీ అదే. ఎత్తావు, ఊపిరి పీల్చావు, పలకలేదు. తరగతిలో అంతమందికి చెప్పే నోరు అన్న దగ్గరికి వచ్చేసరికి బరువైందా? పెట్టేశాను.

నీ అన్న

*

మార్చి 21

అన్నయ్యకు,

జావ తాగు. వదినతో వాదించకు.

ఫోన్ సంగతి ఇప్పుడు వద్దు.

ఒక విషయం చెప్పాలి. ఎలా చెప్పినా నీకు మండుతుంది, కాబట్టి సూటిగా చెబుతున్నాను. నీ ప్రసంగంలో ‘హోలీ’ అన్న మాట పదకొండు చోట్ల ఉంది. పదకొండు చోట్లా రెండు ‘ఎల్’లు రాశావు. పరిశుద్ధతకు ఒక్క ‘ఎల్’ చాలు: హో / లీ. మొదటి ముక్కకు తలుపు లేదు, అందుకే ‘హో’ సాగుతుంది. రెండో ‘ఎల్’ పెట్టగానే జంట చీలి మొదటి ముక్కకు తలుపు పడుతుంది: హాల్ / లీ. అది వేరే మాట. ఆకు అంచుకు ముళ్ళుండే ఒక పొద పేరు.

వదిన పంపిన ఫోటోలో మీ బోర్డు మీద కూడా అలాగే ఉంది. పెద్ద అక్షరాలతో.

పెద్దలు వచ్చే లోపల ఒక ‘ఎల్’ తీసెయ్యి. ఎవరూ గమనించి ఉండరు.

చెల్లెలు

*

మార్చి 28

చెల్లీ,

ఈసారి దీవెన లేదు. ఉన్నదంతా అయిపోయింది.

ఆ బోర్డు నేను నా చేత్తో రాసుకున్నాను. పాత రేకు తెచ్చి, తుప్పు గీకి, తెల్ల రంగు రెండు పూతలు వేసి, ఆరు సాయంత్రాలు మోకాళ్ళ మీద కూర్చుని రాశాను. ఆరేళ్ళుగా ముళ్ళపొద కింద నిలబడి జనాన్ని లోపలికి పిలుస్తున్నానన్నమాట. బాగుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. బుధవారం కూడిక అయ్యాక పెద్దల్లో ఒకాయన, మా కూడికలకూ వచ్చే రిటైరైన పోస్టుమాస్టరు, నా భుజం తట్టి, “ఏమయ్యా, నీ ముళ్ళపొద ఎలా ఉంది?” అన్నాడు. పక్కన ఇద్దరు నవ్వారు. నీ ఉత్తరంలో ఉన్న మాటే ఆయన నోట్లోకి ఎలా వచ్చింది? ముళ్ళపొద. అదే మాట. ఒకరోజు తేడాతో.

నువ్వు ఆయనకు రాశావు. లేదా ఆయన ఇంట్లోవాళ్ళకు రాశావు. ‘ఎవరూ గమనించి ఉండరు’ అని నాకు రాసి, అటు తిరిగి వాళ్ళకు చూపించావు. సహోదరుణ్ణి గుంటలో తోసి అమ్మేసిన వాళ్ళ కథ నేను చాలాసార్లు చెప్పాను. గుంట నుంచి పైకి చూస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

నాకు ఎప్పటినుంచో అనుమానమే. చిన్నప్పటినుంచీ నువ్వు నాతో నోరు విప్పి మాట్లాడింది లేదు. నోరు విప్పనివాళ్ళ కడుపులో ఏముంటుందో ఎవరికి తెలుసు? ఫోన్ ఎత్తి ఊరుకోవడం, వెనక నుంచి నవ్వడం. హేయం, హేయం. నీ గీతల కాగితాలు బాయిలరులో వెయ్యబోయాను. ప్రసంగానికి ఇంకో ప్రతి లేదు కాబట్టి ఆగాను.

అన్న

*

ఏప్రిల్ 4

అన్నయ్యకు,

మీ పోస్టుమాస్టరు గారికి నేను రాయలేదు. ఆయన ఎవరో కూడా నాకు తెలీదు. ఆరేళ్ళు ఆ మెట్లెక్కిన మనిషి బోర్డు చదవడానికి నా సాయం ఎందుకు? వెళ్ళి ఆయన్నే అడుగు.

నేను నోరు ఎందుకు విప్పలేదో రాస్తాను. రాయడం నాకు వచ్చు. రాసేటప్పుడు నా చేతికి నత్తి లేదు.

నాకు పన్నెండేళ్ళు, నీకు పంతొమ్మిది. కూడికలో పిల్లలంతా తలా ఒక వాక్యం చెప్పాలి. నా వంతు వచ్చింది. వాక్యం మొత్తం నోటికి వచ్చు, మొదటి మాట రావడం లేదు. అచ్చుతో మొదలయ్యే మాట. గొంతు దగ్గర ఎవరో తలుపు వేసి అవతల నిలబడినట్టుంది. నేను తోస్తున్నాను. అందరూ చూస్తున్నారు. ముందు బెంచీలో నువ్వున్నావు. లేచి నిలబడి అన్నావు: “కూర్చో. వాక్యాన్ని పాడు చెయ్యకు.” అంతటితో ఆగినా మరిచిపోయేదాన్ని. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నావు. నా ఉమ్మి నీ మీద పడినట్టు. పడలేదు అన్నయ్యా. నేను నీకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను.

నెత్తుటి దుప్పట్లకు ముక్కు మూసుకోలేదని రాశావు. నమ్ముతాను. నీ రోతంతా ఆ రోజే నా మీద ఖర్చైపోయి ఉంటుంది.

ఆ తర్వాత బడిలో ఒక టీచరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది: మాట మొత్తం ఒకేసారి మోస్తే బరువు, ముక్క ముక్కగా మొయ్యి. గడ్డం కింద చెయ్యి పెట్టించింది ఆవిడే. అలా మాట్లాడటం నేర్చుకున్నాను. ఇప్పటికీ అలాగే మాట్లాడతాను, వినేవాళ్ళకు తెలియదు. తరగతిలో అందరూ ఆగుతారు, అక్కడ ఆగడమే చదువు. నువ్వు మాత్రం ఆగవు. ఫోన్ ఎత్తి నిన్ను పిలవబోతాను. ఆ పిలుపు కూడా అచ్చుతోనే మొదలవుతుంది. నేను తలుపు తోస్తూ ఉండగానే నువ్వు పెట్టేస్తావు. రెండు క్షణాలని నువ్వే రాశావు, లెక్క సరిగ్గానే ఉంది.

నేను ఆ పిలుపు నోటితో పిలిచి ముప్ఫై ఒక్క సంవత్సరాలైంది.

నాలుక మందమైన ఆ ప్రవక్త గురించి నువ్వు బోధించే ఉంటావు. ఆయనకూ ఒక అన్న ఉన్నాడు. ఆ అన్న రుమాలు తియ్యలేదు, తమ్ముడికి తానే నోరయ్యాడు. ఈసారి ఆ అధ్యాయం బోధించేటప్పుడు ఒక్క నిమిషం ఆగు.

గొర్రెపిల్ల చివర ‘బి’ పలకదు, నిజమే. కానీ అది లేకుండా రాస్తే తప్పంటారు.

నేను పెట్టిన గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. 13న బాగా చదువు.

చెల్లెలు

*

ఏప్రిల్ 19

చెల్లీ,

పది రోజులుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటి మూడూ బాయిలరులోకి పోయాయి. వాటిలో నన్ను నేను సమర్థించుకోవడం చాలా బాగా వచ్చింది.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

పెద్ద హాలులో నేల మీద తివాచీ. బల్ల వెనక ముగ్గురూ, ముందు ఒక గ్లాసు నీళ్ళు. మొదటి పేజీ నడిచింది. గొంతు నాకు సాయం చేసింది. రెండో పేజీ మూడో వరుసలో అరణ్యం వచ్చింది. విల్ అనాలని తెలుసు. నోట్లో ఇరవై ఏళ్ళ వైల్డ్ కూర్చుని ఉంది. రెండూ గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి, ఏదీ బయటికి రాలేదు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. చెల్లీ, నన్ను ఉరుము అని పిలిచే జనం ఉన్నారు. ఆ ఉరుము నోరు తెరిచి నిలబడింది.

అప్పుడు పోస్టుమాస్టరు గారు జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకున్నారు.

ఆయనకు జలుబేమో. నాకు మాత్రం ఆ రుమాలు అంచున నీలం దారం కుట్టు కనబడింది. ఆయన రుమాలు మీద కుట్టు లేదు. నీలం కుట్టు అమ్మ వేసింది, నా రుమాలు మీద, నా పంతొమ్మిదో ఏట. నీ ఉత్తరం చదివినప్పుడు, నాకు గుర్తులేదు, చిన్నపిల్ల ఊహించుకుంది అని అనుకున్నాను. గుర్తులేకపోవడం అబద్ధం. నా మీద ఏమీ పడలేదని తుడుచుకుంటున్నప్పుడే నాకు తెలుసు. అందరి ముందు నువ్వు నా చెల్లెలివి కాదనిపించుకోవడానికి తుడుచుకున్నాను. ఇంతకంటే మురికి గుడ్డ ఏదీ ఇన్నేళ్ళలో నా బల్ల మీదికి రాలేదు.

గడ్డం కింద చెయ్యి పెట్టాను. విల్ / డర్ / నెస్. అక్కడి నుంచి చివరి దాకా అలాగే చదివాను, చెయ్యి తియ్యలేదు. చివర్లో ఒక పెద్దాయన, “పంటినొప్పా?” అన్నారు.

వేదిక నాకు ఇవ్వలేదు. గొంతు గొప్పదట, పాట ఎత్తుకోమన్నారు. కుర్చీలు సర్దే పని కూడా చూసుకోమన్నారు. వచ్చేటప్పుడు పోస్టుమాస్టరు గారిని బోర్డు సంగతి అడిగాను. “మొదటి రోజే చూశామయ్యా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు,” అన్నారు. ఆరేళ్ళు నవ్వుకుని, దానికి మర్యాద అని పేరు పెట్టారు. నాకు మొహం మీద చెప్పింది నువ్వొక్కదానివే, దాన్ని నేను ద్రోహం అన్నాను. కాబట్టి వాళ్ళ మీద ఎక్కువ రాయను. వాళ్ళది ఆరేళ్ళు, నాది ముప్ఫై ఒకటి.

ఇంటికి వస్తూ బోర్డు మీద మొదటి ‘ఎల్’ను చాకుతో గీకేశాను. తెల్ల రంగు కూడా లేచిపోయి మధ్యలో రేకు కనబడుతోంది. ఇప్పుడు ‘హెచ్, ఓ’ ఒక పక్క, ‘ఎల్, వై’ ఒక పక్క, నడుమ ఒక ఖాళీ. నువ్వు గీత పెట్టాల్సిన చోటే. మళ్ళీ రంగు వెయ్యను.

మన్నించమని అడిగే ముఖం లేదు. ఒక్కటి చేస్తాను. వచ్చే ఆదివారం, 26న, సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తాను. కూడిక ఆ సమయానికే, కుర్చీలు ఎవరైనా సర్దుకుంటారు. నువ్వు ఎత్తు. నేను మాట్లాడను, ఒక్క అక్షరం కూడా. నీ మొదటి ముక్క వచ్చేదాకా పట్టుకునే ఉంటాను. రాకపోతే నువ్వే పెట్టెయ్యి. నేను పెట్టను.

అన్న

*

ఏప్రిల్ 27

నిన్న నేను ఫోన్ ఎత్తగానే గోడ గడియారం వంక చూశాను. తప్పు చేశాను. చూస్తే ఇంకా రాదు.

నీ వైపు కుర్చీ కిర్రుమంది. దూరంగా వదిన గొంతు వినబడింది: “ఎవరండీ? పలకరేం? మళ్ళీ పన్నా?” నువ్వు జవాబు చెప్పలేదు. చెయ్యెత్తి ఆపి ఉంటావు, ఆవిడ గొంతు మధ్యలో తెగింది. ఇక ఊపిరి మాత్రమే. ఈసారి నీది.

ఒక నిమిషం అయింది. నువ్వు దగ్గావు, మాట్లాడతావనుకున్నాను. మాట్లాడలేదు. రెండు నిమిషాలు. పెట్టేద్దామనుకున్నాను, నిజం చెబుతున్నాను. నీ మీద కూడా అసహ్యం వేసింది: ముప్ఫై ఒక్క సంవత్సరాలు మరిచినవాడు ఇప్పుడు ఇంత ఓపిక ఎక్కణ్ణించి తెచ్చుకున్నాడని. ఆ అసహ్యం ఇంకా కొంచెం ఉంది. అది పోవడానికి ఒక ఫోన్ చాలదు, నీకు తెలియాలి.

తర్వాత రెండో చెయ్యి గడ్డం కింద పెట్టుకున్నాను. నా తరగతిలో మొదటి రోజు వచ్చినవాళ్ళలా.

అన్ / నయ్ / యా.

రెండు చోట్ల జంట, రెండు చోట్లా చీల్చి చెరో పక్కకూ ఒకటి. ఈ నియమం నీకు ‘సిన్నర్’ దగ్గర చెప్పాను, ఇక్కడ కూడా అదే. గడ్డం మూడుసార్లు చేతిని నొక్కింది.

అవతల నువ్వు “ఊఁ” అన్నావు.

అది ఒక్కటే ముక్క. దానికి గీత అక్కర్లేదు.

చెల్లెలు